బరువు తెలిసేదాకా

ఆరిన్ పడవని బండికి తగిలించడం ఎరల కొట్టు వర్నా కళ్ళారా చూసిందట. పైగా పాత నేస్తం, ముసలి కాజ్‌ని ముందు సీట్లో కూర్చోబెట్టి, పెళ్ళికొడుకుని ముస్తాబు చేసినట్టు టోపీ సర్ది, బెల్టు బిగించాడట. "ఎండలు తగ్గేదాకా మస్కీ చేపల జోలికి ఎవరూ పోవద్దని నా కొట్టు తలుపుకి అట్ట కొట్టిందెవరనుకున్నారు? ఈ ఆరినే! మేకులు కూడా నావే!" అని కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పిందట. ఆ మాట చర్చి వంటింట్లో కాస్త ఒళ్ళు చేసి, పెట్రోలు బంకు పిల్ల నోట ఆరిన్ చెవిలోనే పడింది, అతను ఇంకా రేవుకి చేరకముందే.

అందులో అబద్ధం ముక్క కూడా లేదు. అదే అతని బాధ.

ఆ వారమంతా విస్కాన్సిన్ ఉత్తరాన గాలి కదల్లేదు. టమరాక్ చెరువులో చెయ్యి పెడితే స్నానానికి కాచిన నీళ్ళలా ఉంది. అలాంటి నీళ్ళలో మస్కీని ఎప్పటిలా పట్టి వదిలేసినా లాభం లేదు. పెనుగులాటలో దాని ఊపిరంతా అయిపోతుంది, వేడి నీళ్ళలో మళ్ళీ దొరకదు. బతికినట్టే ఈదుకుంటూ వెళ్ళి ఎక్కడో తుంగలో వెల్లకిలా పడుతుంది. అందుకే ఆ రోజుల్లో మర్యాదస్తులెవరూ గాలం తియ్యరు. తీసినవాణ్ణి ఊళ్ళో పలకరించడం మానేస్తారు. ఒకప్పుడు అలా ముందుగా మానేసినవాడు ఆరినే.

కానీ ఎండలు తగ్గేదాకా కాజ్ ఉండడు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక ఇల్లు అమ్మేశారు. ఆదివారం అతని కూతురు జోలీన్ మిల్వాకీలో వృద్ధుల ఆసుపత్రికి తీసుకుపోతోంది. నాలుగో అంతస్తు గది. కిటికీలోంచి కార్లు నిలిపే స్థలం కనిపిస్తుందట.

కాజ్ చెక్కిన కర్ర ఎరలతో ఆ చుట్టుపక్కల పెద్ద చేప పట్టనివాడు లేడు, కాజ్ తప్ప. వర్నా కొట్లో గడ్డి కూరి గోడకి బిగించిన, నోరు తెరుచుకుని ఉన్న మస్కీని ఆరిన్ పట్టింది కూడా కాజ్ ఎరతోనే. నలభై ఏళ్ళుగా కాజ్ ఎర వెనకాల చేపలు పడవ దాకా వచ్చేవి, ఓ చూపు చూసి వెళ్ళిపోయేవి. "నా మొహం చూసి భయపడతాయిరా," అనేవాడు. గోడ మీది చేపని చూసినప్పుడల్లా ఆరిన్‌కి కాఫీ గొంతు దిగేది కాదు. ఈ ఒక్క సాయంత్రం కాజ్‌కి ఒక పెద్ద చేప పడాలి. ఊరు ఏమనుకున్నా సరే.

పొద్దు వాలుతుండగా తుంగ అంచున పడవ ఆపి, ఆరిన్ ఎరల పెట్టె తెరిచాడు.

"ఆ తాగుబోతుని ఇటివ్వు," అన్నాడు కాజ్. అతను దేవదారు చెక్కతో చెక్కిన ఎరకి ఊరు పెట్టిన పేరది, నీటి మీద అటూ ఇటూ తూలుతూ వస్తుందని.

"దానికి మణికట్టు కావాలిరా," అన్నాడు ఆరిన్.

"ఎడంచేతికి ఉందిగా."

"ఎడంచేత్తో ఆడిస్తే దారం చుట్టేదెవడు? మీ అమ్మా?"

కాజ్ నవ్వాడు. సగం మూతే నవ్వింది.

ఆరిన్ చెప్పిందీ నిజమే. తాగుబోతుని ఆడించాలంటే గాలం కర్ర కొస నీటి మీదికి వంచి చిన్నగా కుదపాలి, కుదిపిన వెంటనే దారం వదులివ్వాలి. ఆ వదులు దొరికితేనే అది తల తిప్పుతుంది. బిగబట్టి లాగితే ఉత్త పుల్లలా జారుకుంటూ వస్తుంది. రెండు చేతుల పని. ఆరిన్ పెట్టెలోంచి నల్లటిది తీశాడు. తోక తిరిగే ఎర. సమంగా చుడితే చాలు, గుడగుడమని నీళ్ళు కొట్టుకుంటూ వస్తుంది. చీకటి పడే వేళకి నలుపే మేలు. కింద నుంచి చూసే చేపకి ఆకాశం మీద నల్లగా కనబడేది అదే.

"కాఫీ మర! ఇది చేతకానివాళ్ళ ఎర కదరా. సెలవులకొచ్చే చికాగో వాళ్ళకిస్తాం దీన్ని."

"ఇవాళ్టికి నువ్వూ చికాగో వాడివే అనుకో."

"ఛీ," అన్నాడు కాజ్, కానీ కాదనలేదు.

దారం చుట్టుకునే రీలు, ఎడమవైపు పిడి ఉన్నది, ఆరిన్ ముందే బిగించి ఉంచాడు. విసిరేది ఆరిన్. ఎర నీటిని తాకగానే కర్ర మొదలుని కాజ్ కుడి చంకలో దోపి, మధ్యభాగం మోకాలి మీద ఆనిస్తాడు. కాజ్ ఎడంచేత్తో చుడతాడు. మొదట్లో ఎర ఒకసారి పరిగెత్తింది, ఒకసారి చతికిలపడింది.

"సమంగా చుట్టరా. చేప చప్పుడుని బట్టి గురి చూసుకుంటుంది. నువ్వు తడబడితే అదీ తప్పుతుంది."

"నువ్వు నాకు నేర్పుతావా? నీకు ఈ ముక్క చెప్పిందెవడు?"

"నువ్వే."

"మరి నోర్ముయ్. ఇంకోటి కూడా చెప్పాను, గుర్తుందా? నీళ్ళు బద్దలైతే కళ్ళు మూసుకోవాలి. బరువు తెలిసేదాకా కదలకూడదు. చూసి లాగినవాడికి ఎర వస్తుంది, చేప రాదు."

"గుర్తుంది. లాగాల్సొస్తే ఎలా లాగుతావు మరి?"

"వెనక్కి పడతా. చెయ్యి చచ్చిందిగానీ నడుం చావలేదు." కుర్చీలో వెనక్కి వాలి చూపించాడు కూడా. టోపీ నీళ్ళలో పడింది. ఆరిన్ తెడ్డుతో తీసి, పిండి, మళ్ళీ పెట్టాడు.

కాసేపటికి కాజ్ చెయ్యి కుదురుకుంది. కాఫీ మర చప్పుడు ఒకే తీరుగా నిశ్శబ్దం మీద నడిచింది. నీళ్ళు సీసం రంగుకి తిరిగాయి. దూరంగా లూన్ పిట్ట ఒకటి అరిచి ఊరుకుంది. ఆరిన్ మళ్ళీ విసిరాడు, కర్ర అందించాడు. ఎర సగం దూరం వచ్చేసరికి దాని వెనక నీళ్ళు బుసబుసమని ఉబ్బాయి.

"వస్తోంది," అన్నాడు ఆరిన్.

"తెలుసు," అన్నాడు కాజ్. కళ్ళు మూసుకున్నాడు. చుట్టడం ఆపలేదు, తొందరపడలేదు.

నీళ్ళు బద్దలయ్యాయి. గేటంత వెడల్పున తెల్లటి నురుగు, అందులో తలుపు రెక్కంత తల. కాజ్ కదల్లేదు. ఆ ముసలి ఒళ్ళు కుర్చీలో బస్తాలా కూర్చునే ఉంది. పడిపోయిన చెయ్యికి ఏం తెలుస్తుంది, తెలిసేలోపు చేప పోతుంది అన్న భయం ఒక్కసారిగా ఆరిన్ ఒంట్లో పాకింది. కాజ్ దగ్గర నేర్చుకుని తను నలభై ఏళ్ళు పదిమందికీ బోధించిన మాట ఆ క్షణంలో మాయమైంది. ముందుకి దూకి, కాజ్ చంకలోంచి కర్ర పెరికి, బలంకొద్దీ లాగాడు.

తప్పు లాగుడే. ఎర ఎగిరి రావాల్సింది. కానీ ఒక కొక్కెం చేప మూతి అంచున దిగింది.

కర్ర తిరిగి ఇద్దామనుకున్నాడు. చేప పడవ కిందికి దూరింది. తర్వాత ఇద్దామనుకున్నాడు. అది మళ్ళీ లోతుకి లాగింది. ఆ వేడి నీళ్ళలో అది ఎంతసేపు పోరాడితే అంత చావు దగ్గరని తెలిసీ తొందరపెట్టలేకపోయాడు, దారం తెగుతుందని. చివరికి చేతివలలోకి వచ్చినప్పుడు దాని మొప్పలు మెల్లగా, బరువుగా కదులుతున్నాయి.

"చూడరా! యాభై అంగుళాలు పైమాటే! కాజ్, నీ చేప!"

కాజ్ కళ్ళు తెరిచాడు. ఆనందం ఎక్కువై మాట రాలేదనుకున్నాడు ఆరిన్. చేపని ఎత్తి కాజ్ ఒళ్ళో పెట్టాడు. కాజ్ ముట్టుకోకపోతే, వేలాడుతున్న కుడిచేతిని తనే పట్టుకుని దాని వీపు మీద ఉంచాడు. ఫోను ఎక్కడుందో వెతుక్కున్నాడు. మొదటి ఫోటోలో కాజ్ తల తిప్పేశాడు. ఇంకోటి తీశాడు.

తర్వాత చాలాసేపు చేప తోక పట్టుకుని నీళ్ళలో ముందుకీ వెనక్కీ ఆడించాడు. అది ఒకసారి రెక్క కదిపి, చేతిలోంచి జారి, చీకట్లోకి వెళ్ళింది. ఆరిన్ ఊపిరి పీల్చుకున్నాడు. మోటారు దింపుతుండగా తుంగ దగ్గర తెల్లగా ఏదో తేలింది. అది వెనక్కి పోయేలా పడవని చప్పున తిప్పాడు, కాజ్‌కి కనబడకుండా. దారంతా వాతావరణం గురించి మాట్లాడాడు.

రేవులో జోలీన్ కారు దీపాలు వేసుకుని నిలబడి ఉంది. దుప్పటి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఇంత చీకటి దాకానా బాబాయ్! మందులు వేసుకునే టైం దాటిపోయింది. ఏమైనా పడిందా?"

"పడిందా అంటావేంటమ్మా! ఊళ్ళో ఎవరికీ పడనంత పడింది. మీ నాన్నే పట్టాడు. ఇదిగో చూడు."

జోలీన్ ఫోను తీసుకుని దీపాల వెలుతుర్లో చూసింది. చేప వీపు మీద ఉన్న తండ్రి చెయ్యి చూసి ఆమె కళ్ళు చెమర్చాయి. ఒంగి అతని భుజాల చుట్టూ దుప్పటి కప్పింది.

"నాన్నా! ఇన్నేళ్ళకి పట్టావా!"

కాజ్ కూతురి వంక చూశాడు. ఆరిన్ వంక చూడలేదు.

"నేను పట్టలేదే. నేనింకా బరువు కోసం ఆగే ఉన్నాను, వీడు లాక్కున్నాడు. అది చచ్చింది కూడా."