ఎర్రగీత దారిలో లోతార్ ఇల్లు

పొద్దున లేవగానే గుడ్రున్‌కి మొదటి పని మొగుడి బూట్లు వెతకడం. ఒకరోజు ఓవెన్‌లో దొరుకుతాయి, ఒకరోజు బంగాళాదుంపల బుట్టలో. దొరికాక లోతార్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, లేసులు కట్టి, గడ్డానికంటిన జామ్ తుడిచి, పాత ట్రామ్ డ్రైవర్ టోపీ నెత్తిన పెడుతుంది. రిటైరై ఇన్నేళ్లయినా ఆ టోపీ లేనిదే ఆయన గుమ్మం దాటడు.

"డ్యూటీకి టైమైంది," అంటాడు లోతార్.

"పద మరి, బండి నీకోసమే ఆగింది," అంటుంది గుడ్రున్.

మొదట్లో ఆవిడ కాదనేది. నీకు డ్యూటీ లేదు, రిటైరయ్యావు అని చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆయన అప్పుడే కొత్తగా విన్నట్టు కుంగిపోయేవాడు. ఒక మనిషిని రోజూ పొద్దున్నే రిటైర్ చెయ్యడం ఏం న్యాయం చెప్పండి? అందుకని మానేసింది.

కానీ డ్యూటీకి వెళ్లిన మనిషి తిరిగి రావాలిగా. అక్కడే వచ్చింది చిక్కంతా. పోలీసులు ఆయన్ని ఒకసారి జూ గేటు దగ్గర్నించి, ఇంకోసారి ఎవరిదో పెరట్లోంచి తెచ్చి దింపారు. తాళం వేసి ఉంచితే తలుపు బాదుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బ్రేమెన్ ఊళ్లో ఉండే కూతురు మరైకే వచ్చి, నది అవతల వృద్ధాశ్రమం చూపించడానికి ఇద్దర్నీ కారులో తీసుకెళ్లింది. గేటు కనబడగానే లోతార్ కారు తలుపు పట్టుకుని ఒకటే కేకలు. ఆ కేకలు విన్నాక గుడ్రున్, తన ఒంట్లో ప్రాణముండగా ఆయన్ని అక్కడ దింపనని కూతురితో తేల్చి చెప్పేసింది.

అప్పుడే ఎర్రగీత గుర్తొచ్చింది ఆవిడకి. వాళ్లుండే హానోవర్ ఊళ్లో ఫుట్‌పాత్‌ల మీద ఒక ఎర్రగీత ఉంటుంది. రైల్వే స్టేషన్ దగ్గర మొదలై, మార్కెట్ చర్చి, పైకప్పు లేని చర్చి, ఏటవాలుగా ఎక్కే లిఫ్టున్న టౌన్‌హాలు, అన్నీ చుట్టబెట్టి మళ్లీ స్టేషన్ ముందుకే వచ్చి, గుర్రమెక్కిన రాజుగారి విగ్రహం దగ్గర ఆగుతుంది. ఊరు చూడవచ్చినవాళ్లు చిన్న పుస్తకమొకటి పట్టుకుని, ఎవరినీ దారి అడక్కుండా, ఆ గీత వెంబడి నడుస్తారు. ఇక ఊళ్లోవాళ్లు ఎవరినన్నా కలవాలంటే ఆ గుర్రం తోక కిందే. లోతార్, గుడ్రున్ పెళ్లికి ముందు కలుసుకున్నదీ అక్కడే.

"దారి తప్పితే గీత మీద నిలబడు. దాన్నే పట్టుకుని నడువు. తోక కింద నేనుంటా," అని చెప్పింది.

కూతురి పేరు మర్చిపోయిన మనిషికి ఈ మాట మాత్రం బుర్రలో నిలిచింది. రోజూ పొద్దున ఆవిడ ఆయన్ని గీత మీద దింపేది, సాయంత్రం తోక కింద పట్టుకునేది. కొన్నాళ్లు హాయిగానే గడిచింది. ఒక వానరోజున మాత్రం, కుప్పలు తెప్పలుగా జనం, గొడుగులు. లోతార్ తోక దగ్గర ఆగకుండా మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. ఆయన్ని దొరకబుచ్చుకునేసరికి గుడ్రున్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. బూట్లు విప్పితే పాదాలనిండా బొబ్బలు.

ఆ రాత్రే మరైకే ఫోన్ చేసింది. "అమ్మా, ఆశ్రమంలో గది ఖాళీ అయిందట. సోమవారంలోపు చెప్పకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ఇంక మొండిపట్టు పట్టకు."

"మొండి కాదే. ఆయన నా మొగుడు."

"నాకు నాన్న కాడా?"



మర్నాడు ఆవిడ మార్కెట్ చర్చి దగ్గరికెళ్లి, గీత పక్కన నిలబడి మాట్లాడింది. వింతేం కాదు. ఆ గీత అప్పుడప్పుడూ కదులుతుంది. పాత మందులషాపు మూతపడ్డప్పుడు దాని గుమ్మం దాకా వెళ్లొచ్చింది. చర్చి మెట్ల మీద పూలమ్మే ముసలమ్మ పోయినప్పుడు ఆమె స్టూలు వేసుకునే చోటు చుట్టూ తిరిగింది. వసంతంలో రంగు డబ్బాతో వచ్చే మునిసిపాలిటీ మనిషి గీత ఎక్కడుంటే అక్కడే పూస్తాడు, ఎక్కడుండాలో చూడడు.

"ఒక్కసారి మా లిండెన్ పేటకి రావమ్మా," అంది గుడ్రున్. "వంతెన దాటితే చాలు. మా ఇంటి మీదుగా వస్తే ఆయన ఇంటికొచ్చేస్తాడు. నాకింకేం వద్దు. ఇంక నావల్ల కావట్లేదు."

వెనక ఉల్లికాడల సంచీతో ఒకావిడ గీత దాటాలని వచ్చి, గుడ్రున్ మాట్లాడ్డం అయ్యేదాకా మర్యాదగా ఆగి, అప్పుడు దాటింది.

శనివారం పొద్దున గీత వచ్చేసింది. వంతెన దాటి, టర్కీవాళ్ల రొట్టెలషాపు ముందునించి వచ్చి, సరిగ్గా గుడ్రున్‌వాళ్ల గుమ్మాన్ని రాసుకుంటూ పోయింది. కింది వాటాలో ఉండే ఎల్కే చీపురు పట్టుకుని నడుం మీద చెయ్యేసుకుంది.

"ఈ వారం మెట్లు తుడిచే వంతు నాది, గుడ్రున్. గుమ్మం మీదికెక్కిన ముక్క మాత్రం నువ్వే తుడుచుకో. పిలిచింది నువ్వు."

"తుడుస్తాలే, నీ చీపురుకేం పని చెప్పను," అంది గుడ్రున్. ఎన్నాళ్లకో ఆవిడ ముఖంలో నవ్వొచ్చింది. గబగబా ఆయన్ని తీసుకెళ్లి స్టేషన్ దగ్గర గీత మీద దింపి, వెనక్కొచ్చి, నల్లటి ప్లమ్ పళ్లు పేర్చి కేక్ చేసింది. ఆయనకిష్టమని పైన క్రీమ్ కూడా గిలక్కొట్టి పెట్టింది. సోమవారం ఆశ్రమానికి ఏం చెప్పాలో మనసులో వల్లెవేసుకుంది. మాకు గది అక్కర్లేదండీ, మా ఆయన తనంతట తనే ఇంటికొస్తున్నాడు.

కాఫీ వేళకి లోతార్ వచ్చాడు. గీత మీద, టోపీ సరిగ్గా పెట్టుకుని, వంతెన దాటి వచ్చేశాడు. వెనకాల పుస్తకాలు పట్టుకుని, ఊరు చూడవచ్చిన బవేరియావాళ్లు నలుగురైదుగురు. గుడ్రున్ గుమ్మంలోకి వచ్చి తలుపు బార్లా తీసింది.

"రా లోతార్, కాఫీ చల్లారిపోతోంది."

లోతార్ గుమ్మం ముందు ఆగాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మేడ మీది కిటికీలో ఎర్రపూల కుండీలు, గోడ, గుమ్మం, అన్నీ తీరిగ్గా చూశాడు.

"చక్కటి ఇల్లండీ," అన్నాడు. "ఎవరుండేవారు ఇందులో?"

యాభై ఏళ్లుగా నువ్వు అన్న మనిషి ఇప్పుడు అండీ అన్నాడు.  బవేరియావాళ్లు కూడా జవాబు కోసం ఆవిడకేసే చూస్తున్నారు.

"ఒక ట్రామ్ డ్రైవరు," అంది చివరికి. "ఆయన భార్య."

"మంచివాళ్లేనా?"

"దెబ్బలాడుకునేవాళ్లు. మంచివాళ్లే."

లోతార్ తలూపి, టోపీ అంచు తాకి, నోటితో ట్రామ్ గంట కొట్టి, గీత వెంబడి ముందుకి కదిలాడు.

అప్పుడర్థమైంది గుడ్రున్‌కి తను చేసిన పొరపాటు. ఇన్నేళ్లు ట్రామ్ డ్రైవర్‌తో కాపురం చేసి ఇంతమాత్రం తట్టలేదు. లోతార్ బండి ఈ వీధిలోంచే వెళ్లేది. కిటికీ కిందికి రాగానే గంట కొట్టేవాడు, ఆవిడ చెయ్యూపేది, బండి వెళ్లిపోయేది. తన ఇల్లే కదా అని ఒక్కనాడైనా దిగాడా? డ్రైవరు మధ్య స్టాపుల్లో ఆగుతాడు, దిగడు. దిగేది చివరి స్టాపులోనే. ఆవిడ గీతని రమ్మంది కానీ, ఆగమనలేదు.

కాళ్లకి ఇంటి చెప్పులతోనే వెంటపడింది. గీత మూల తిరిగి, పక్కనున్న ఇంకో వంతెనెక్కి, నది దాటింది. గుడ్రున్ దాన్ని తిట్టింది, బతిమాలింది, ఒకచోట చెప్పుతో రుద్ది చూసింది. రంగు పోలేదు. ముందు లోతార్ కులాసాగా నడుస్తున్నాడు. ఆశ్రమం గేటు కనబడగానే ఆవిడ పరుగందుకుంది. ఇప్పుడు కేకలు మొదలవుతాయి అనుకుంది.

కేకల్లేవు. గీత గేటులోంచి వెళ్లి, తోటలో ఒక బెంచీ ముందు ఎర్రచుక్క పెట్టి ఆగిపోయింది. లోతార్ చుక్క మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని, టోపీ తీసి పక్కన పెట్టుకున్నాడు. పగటిపూట ఆయన టోపీ తియ్యడం ఆవిడ చూసి ఎన్నేళ్లయిందో.

ఆశ్రమం నర్సు బయటికొచ్చి చుక్కని చూసింది, ఆయన్ని చూసింది. "గది సిద్ధంగానే ఉందమ్మా," అంది మెల్లిగా.

గుడ్రున్ ఏం చెయ్యగలదు? ఆయన్ని రెక్క పుచ్చుకుని ఇంటికి లాక్కెళ్తే రేపు మళ్లీ ఇక్కడికే నడిచొస్తాడు. ఏడుపాగలేదు ఆవిడకి. అంత ఏడుపులోనూ ఒంట్లో బరువేదో దిగినట్టయింది, దిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది. సోమవారం దాకా ఆగకుండా అప్పుడే సరేనంది.

తర్వాత గీత ఇంక కదల్లేదు. లోతార్ రోజూ డ్యూటీకెళ్తాడు, వెనకాల దూరంగా ఆశ్రమం మనిషొకరు. కాఫీ వేళకి ఇంటిముందు ఆగి, ఎవరుండేవారని అడుగుతాడు. గుడ్రున్ రోజుకో ముక్క చెబుతుంది. కిటికీ కింది హీటరు వేడికి కరిగిపోయిన క్రిస్మస్ కొవ్వొత్తి సంగతి, మరైకే పుట్టిన రాత్రి మంచుకి ట్రామ్‌లాగిపోతే ఆయన పట్టాల వెంట ఆస్పత్రికి నడిచి వెళ్లిన సంగతి. ఆయన శ్రద్ధగా వింటాడు, గంట కొడతాడు, వెళ్లిపోతాడు.

ఒకరోజు ఆవిడ కోటేసుకుని, తలుపు తాళం పెట్టి, ముందే గుమ్మం బయట నిలబడింది.

"చోటుందా అండీ?" అని అడిగింది లోతార్ రాగానే.

"ఎక్కండి మేడమ్. గట్టిగా పట్టుకోండి, వంతెన మీద కుదుపుంటుంది."

ఆవిడ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. దారంతా ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదు. డ్రైవరుతో మాట్లాడకూడదని ఆవిడకి తెలుసు.

తోటలో ఎర్రచుక్క మీద ఆయన ఆగాడు. "చివరి స్టాపు మేడమ్. అందరూ దిగాలి."

గుడ్రున్ చెయ్యి వదిలింది. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, లోపలికి వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు.

"మీ ఇల్లెక్కడ?"

"దారిలోనే. రొట్టెలషాపు దాటాక. కిటికీలో ఎర్రపూలుంటాయి."

"ఆ ఇల్లా," అన్నాడు లోతార్. "రేపు అక్కడ గంట కొడతాలెండి. అక్కడ నేనెప్పుడూ కొడతాను."