గురువులు మోగించిన క్షేమం కూత

నేను ఒక సైరన్‌ని. మూడు కాళ్ల మీద నిలబెట్టి, పక్కనున్న పిడి తిప్పితే కూసే రకాన్ని. ఇంగ్లండులో నేను పుట్టిన కర్మాగారంలో అంతకు ముందు పసిపిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండ్లు చేసేవారట. ఉన్న నేల చాలలేదని ఒక దేశం, పాత యుద్ధంలో పరువు పోయిందని ఇంకొకటి, చమురూ రబ్బరూ కావాలని మరొకటి పేచీకి దిగాయి. పెద్దమనుషులు మాట్లాడుకుంటే తేలేదో లేదో నాకు తెలియదు. తేల్చుకోకుండానే లేచిపోయారు. పిల్లల బండ్లు ఆగిపోయి, నేను పుట్టాను.

ఓడెక్కి విశాఖపట్నం వచ్చాక, రేవు దగ్గర ఒక మేడ మీద నిలిపి, గురువులు అనే కళాసీకి నన్ను అప్పగించారు. నాకు వచ్చిన మాటలు రెండే. పిడిని జోరుగా తిప్పి, నెమ్మదించి, మళ్లీ జోరు చేస్తే ఎక్కుతూ దిగుతూ ఏడుస్తాను. ప్రమాదం, దాక్కోండి అని దానర్థం. ఒకే వేగంతో రెండు నిమిషాలు తిప్పితే తిన్నగా కూస్తాను. గండం గడిచింది, బయటికి రండి అని. విమానదాడులప్పుడు జనాన్ని కాచే వార్డెను కామేశంగారు చెప్పనిదే గురువులు పిడి ముట్టకూడదు. డ్యూటీలో నన్ను వదిలి మెట్లు దిగకూడదు. కామేశంగారు అసలు ప్లీడరు. ఇనప టోపీ, మెడలో ఈల వచ్చాక నడకే మారిపోయింది పాపం.

గురువులు ఇల్లు ఎదురు సందులోనే. కూతురు నూకాలు రోజూ అతనికి చోడి అంబలి, అదే రాగిజావ, తెచ్చేది. ఆమె భర్త అసిరయ్య రంగూన్ రేవులో మూటలు మోసేవాడు. డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక ఉత్తరాలు ఆగిపోయాయి. మనవాళ్లు వేలమంది అడవులగుండా నడిచి వస్తున్నారనీ, దారిలో కలరాకి రాలిపోతున్నారనీ మాత్రం తెలిసింది.

ఏప్రిల్లో పట్టపగలు విమానాలు మా ఊరి మీదికీ వచ్చాయి. మర్నాటికి వీధులు సగం ఖాళీ.

"నువ్వూ ఎల్లిపో అమ్మా" అన్నాడు గురువులు.

"నానెల్లిపోతే, మావ వచ్చి తలుపుకి తాళం సూసి ఏటైపోతాడు నాయనా?" అంది నూకాలు.

ఆమె ఉండిపోయింది. నేను తిన్నగా కూసినప్పుడల్లా జనం కందకాల్లోంచి నవ్వుతూ లేచేవారు. ఆమె నవ్వేది కాదు. "ఆ కూత ఊరికి నాయనా. నాక్కాదు" అంది ఒకసారి. నాకు సిగ్గేసింది. అంత పెద్ద గొంతు ఉండి ఒక్క మనిషికి ధైర్యం చెప్పలేకపోయాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం గడ్డం పెరిగిన ఎముకల గూడొకటి కుంటుకుంటూ సందులోకి వచ్చి గురువులు ఇంటి ముందు నిలబడింది. నూకాలు బయటికొచ్చి చూసి, ఆ కాళ్ల దగ్గర కూలబడిపోయింది. మరుక్షణం మేడవైపు తలెత్తి అరిచింది.

"నాయనా! మావ వచ్చీసినాడు!"

గురువులు మెట్లదాకా పరుగెత్తి ఆగిపోయాడు. నన్ను వదిలి దిగకూడదు కదా! వెనక్కి వచ్చి నా పిడి పట్టుకున్నాడు. రెండు నిమిషాలూ ఒకే వేగంతో తిప్పాడు. ఒక నియమం కాపాడబోయి రెండోది తుంగలో తొక్కాడు మహానుభావుడు. ఏ కూతకీ కలగనంత సంతోషం నాకు ఆ రోజు కలిగింది.

ఊరు మాత్రం అల్లకల్లోలమైంది. ముందటి హెచ్చరిక తమకు వినబడలేదేమోనని కాఫీ హోటల్లో వాళ్లంతా గ్లాసులతో సహా కందకంలోకి దూకారు. ఈల ఊదుకుంటూ కామేశంగారు మేడెక్కారు.

"హెచ్చరికే లేదు, క్షేమం ఎక్కడినుంచి ఊడిపడిందయ్యా గురువులూ?"

"హెచ్చరిక మా ఇంటికాడ ఆర్నెల్ల నుంచీ మోగతంది బాబూ. మీకినబడనేదు. ఇప్పుడాగింది" అంటూ గురువులు కిందికి చూపించాడు.

కామేశంగారు పిట్టగోడ మీంచి వంగి చూశారు. నూకాలు మొగుడి పాదాల పుళ్లు కడుగుతోంది. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. తర్వాత డ్యూటీ పుస్తకంలో "యంత్ర పరీక్ష. బాగా పనిచేస్తున్నది" అని రాశారు. "నువ్వు దిగు. కాసేపు నేను కూర్చుంటాను" అన్నారు.

మూడేళ్ల తర్వాత యుద్ధం ముగిసిన రోజు మామా అల్లుడూ చెరో చెయ్యీ వేసి నన్ను తిప్పారు. ఆపైన నాకు పని పడలేదు. పని లేకపోవడం ఇంత హాయని నాకు అంతవరకూ తెలియదు.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. మొన్న ఒక ముసలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. నా ముందున్న చీటీ ఆ పిల్ల పైకి చదివింది. "ప్రమాదాన్ని తెలిపే సైరన్."

"తప్పు రాసినారే" అంది నూకాలు. "ఇది మీ తాతొచ్చినాడని ఊరందరికీ సెప్పిన మిషను."

కాపలావాడు అటు తిరిగినప్పుడు నా పిడి పట్టుకుని తిప్పింది. తుప్పు పట్టాను, సగం చుట్టే తిరిగాను. వచ్చిన ఆ కాస్త కూతా తిన్నగానే వచ్చింది.