కంపిని కూర

మొగులయ్య సైకిల్ హ్యాండిలుకు టిఫిను డబ్బా తగిలిస్తుంటే లోపల సుగుణ నోట్లో పెట్టిన తోటకూరను గోడకేసి ఉమ్మింది.

"గీ కూర నాకొద్దు. కంపిని కూరే తింట."

"మంచిగనే నేర్చినవ్," అంది తల్లి లీలమ్మ గోడ తుడుస్తూ.

చాంద్రాయణగుట్టలోని ఆ గది గోడ తిన్నంత తోటకూర కూడా ఆ నాలుగేళ్ల పిల్ల తినలేదు. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు పుట్టిన పిల్ల. మెడ పుల్లలా ఉంటుంది. రక్తం తక్కువుంది, ఆకుకూర తినకపోతే మంచాన పడుతుందని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. అప్పటి నుంచి మొగులయ్యకు అదే ఫికరు.

ఉపాయం అనుకోకుండా దొరికింది. ఒకనాడు కంచన్‌బాగ్ కార్ఖానాలో పని తెమలక డబ్బా విప్పకుండానే తిరిగి తెచ్చాడు. పొద్దున ఉమ్మిన పిల్లే సాయంత్రం గడపలో కూర్చుని, కంపిని ఇచ్చిందనుకుని వేళ్లు నాకుతూ తినేసింది. అదే పొయ్యి, అదే తోటకూర, అదే జొన్నరొట్టె. కంచన్‌బాగ్ చూసొచ్చేసరికి వాటికే రుచి పుట్టిందో దేవుడికే ఎరుక. ఆనాటి నుంచి అతను సగం తిని సగం తెస్తున్నాడు. పెద్ద డబ్బా కొందామని లీలమ్మ అంటే, పిల్లకు ఈ డబ్బానే అలవాటని ఒప్పుకోడు. ఆఖరి బుక్క మాత్రం సుగుణ బాపుకు పెట్టాలి. చీమకు సరిపోయేంత పెడుతుంది. "పిసినారీ" అని నవ్వుతాడు. అతని మీసానికి అంటిన కూరను పిల్లే తుడుస్తుంది.

"సగం కడుపుతోని గా ఇనుము మోస్తవ్. ఇయ్యాలన్న మొత్తం తిను," అంది లీలమ్మ.

"అది తింటె నేను తిన్నట్టే తియ్యి."

మధ్యాహ్నం కార్ఖానాలో మొగులయ్య, సబ్బుకు లొంగని నల్లటి చేతులతో రొట్టె తుంచుకుని తిన్నాడు. సగం కాగానే మూత పెట్టబోయాడు. పక్కన కూర్చున్న ఖయ్యూం ఆపాడు. ఇద్దరూ ఒకే షెడ్డులో బరువులెత్తేవాళ్లు.

"ఠైరో భాయ్." తన గిన్నెలోని ఉడికిన గుడ్డు తీసి కూర మీద పెట్టాడు. "ఇయ్యాల కంపిని గుడ్డు గూడ ఇచ్చిందని చెప్పు బిడ్డకు."

మొగులయ్య ముఖం విప్పారింది. పిల్ల ఏమంటుందో తలుచుకుంటూ పనిలోకి వెళ్లాడు. ఎడమ భుజం లాగుతోంది. బరువుల వల్లేననుకున్నాడు. సైరన్ కూశాక డబ్బాను హ్యాండిలుకు తగిలించి, జర కూర్చుంటానని గోడకు ఆనుకున్నాడు. ఖయ్యూం వచ్చి భుజం తట్టేసరికే ప్రాణం పోయింది.

చీకటి పడకముందే శవాన్ని ఇంటికి తెచ్చారు. వాకిలి జనంతో నిండింది. ఖయ్యూం డబ్బాను గడపలో పెట్టి ముఖం తిప్పుకున్నాడు. ఎవరికీ పిల్ల ఆకలి గుర్తులేదు. కాసేపటికి మూత చప్పుడైంది.

"శవం లేవకముందు తినొద్దు బిడ్డా," అంటూ పక్కింటి రుక్మిణమ్మ డబ్బా అందుకోబోయింది.

లీలమ్మ ఏడుపు మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టింది. "తిననియ్యి అక్కా. దానికోసమే తెచ్చిండు."

సుగుణ రొట్టె తిన్నది. కూర ఊడ్చుకుని తిన్నది. గుడ్డును మాత్రం రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్కను డబ్బాలోనే ఉంచి లేచింది.

"ఇది బాపుకు. లేసినంక తింటడు."

తెల్లారి అన్నీ అయిపోయాక కూడా ఆ డబ్బా గడపలోనే ఉంది, పక్కన మూత, అడుగున ఆ గుడ్డు ముక్క.