పసుపు రంగు గరిటె

ఉడుముని తెచ్చిన రోజే మా ఆయనతో చెప్పాను, ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి అని. పదిహేడేళ్లు ముగ్గురమూ ఉన్నాం. చివరికి రెండేళ్ల కిందట వెళ్లిపోయింది ఆయనే, డెట్లెఫ్.

తెచ్చినప్పుడది మూరెడు లేదు. ఇప్పుడు మూతి నుంచి తోక చివరిదాకా రెండు మీటర్లు. పేరు హాన్నో. బ్రెమర్‌హాఫెన్ రేవుపట్నంలో మా అద్దె ఇంటి పడకగది దానిదే. అందులో నీళ్ల తొట్టి, మోకాలి లోతు మట్టి, ఎత్తుగా ఒక దుంగ, దాని పైన వేడి దీపం. మేం హాల్లో సోఫా మీద పడుకునేవాళ్లం. లోకంలో ఏ మొగుడూ సవతిని ఇంత దర్జాగా పెట్టుకుని ఉండడు.

"నువ్వెవరో కూడా దానికి తెలియదు," అని దెప్పేదాన్ని.

"తెలియకపోతే ఏం? అదెవరో నాకు తెలుసుగా," అనేవాడు. ఉడుం పట్టు అంటే ఆయనదే.

మేపడానికి ఆయనకో పద్ధతి ఉండేది. ఎదిగిన ఉడుముకి వారానికి ఒక్క పూటే, అదీ ఆదివారం. చేత్తో మాత్రం పెట్టకూడదు. చేతికి చేప వాసనుంటే దానికి చెయ్యి కూడా చేపే. అందుకని ఒక చెక్క గరిటెకి పసుపు రంగు వేశాడు. తలుపు దగ్గర ఆ గరిటె చూపిస్తే హాన్నో వచ్చి ముక్కుతో తాకాలి. అప్పుడు పట్టకారుతో చేప. గరిటె కనబడకపోతే తిండి లేదని దానికి తెలుసు, కనక మనిషి వంక చూడను కూడా చూడదు.

ఆయన్ని పూడ్చి వచ్చాక మొదటి ఆదివారం నేనే గరిటె పట్టుకున్నాను. హాన్నో దుంగ దిగి, గదంతా దాటి నా దగ్గరికి వచ్చింది. ముక్కు ఆనించి, తలెత్తి, నాలుక ఆడిస్తూ నన్నే చూసింది. ఆ వారమంతా నాకోసం నడిచి వచ్చిన ప్రాణి అదొక్కటే. సోమవారం మళ్లీ గరిటె తీశాను. మంగళవారమూ తీశాను. ఇంకేముంది, రోజూ పండగే. చేపలు, గుడ్లు, చచ్చిన కోడిపిల్లలు. ఆదివారం నియమం డెట్లెఫ్‌తోపాటే మట్టిలో కలిసిపోయింది.

"ఏం వీబ్కె, మీ ఉడుముకి నడుమెక్కడ?" అని పై అంతస్తు ఊవె ఎకసెక్కమాడేవాడు.

"నీకుందా? ముందు నీది వెతుక్కో," అనేదాన్ని.

ఈ వసంతంలో హాన్నో దుంగ ఎక్కలేకపోయింది. పొట్ట ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి పడిపోయేది. ఒకరోజు గరిటె చూపించినా రాలేదు. ఊవె, నేనూ దాన్ని దుప్పట్లో చుట్టి, పెద్ద చేపల పెట్టెలో పెట్టి, కారులో పశువుల డాక్టరు సిల్యా దగ్గరికి తీసుకెళ్లాం.

"ఎన్నాళ్లకోసారి పెడుతున్నారు?" అని అడిగిందా అమ్మాయి.

"వారానికోసారి. మా ఆయన ఎలా పెట్టేవాడో అలాగే," అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం. డెట్లెఫ్ ప్రాణంగా పెంచినదాన్ని పాడుచేశానని ఎలా చెప్పను?

ఆమె ఎక్స్‌రే ఫోటోలు తీసి చాలాసేపు చూసింది. "వారానికోసారి తిని ఇంత కొవ్వు పట్టదండీ. లోపల గడ్డ ఏదో ఉండుండాలి. కోసి చూడాలి. ఈ స్థితిలో మత్తిస్తే తిరిగి లేస్తుందని మాటివ్వలేను. మీరు సరేనంటే ఇవాళే చేసేస్తాను."

సంతకం పెట్టమని కాగితం నా ముందుకు జరిపింది. బల్ల మీద హాన్నో కళ్లు మూసుకుని ఉంది. దాని పొట్టలో ఏముందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. పట్టుకున్న కలం కింద పెట్టేశాను.

"కొయ్యకు తల్లీ," అన్నాను. "రోజూ పెట్టాను. రెండేళ్లుగా రోజూ."

"రోజూనా? ఎందుకండీ?"

"తిండి పెడితేనే నా దగ్గరికి వస్తుంది మరి."

ఊవె గోడకున్న బొమ్మలు చూడటం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాగితం వెనక్కి తీసుకుని ఇంకోటి రాసిచ్చింది. పది రోజులకోసారి రెండు చిన్న చేపలు. గుడ్లు, కోడిపిల్లలు మానెయ్యాలి. వేడి తగ్గకూడదు. "మీరు గట్టిగా ఉంటే ఇంకా కొన్నేళ్లు బతుకుతుంది," అంది.

ఇంటికొచ్చాక గరిటె తీసి ఊవె చేతిలో పెట్టాను. "పది రోజులకోసారే ఇవ్వు. మధ్యలో నేను ఏడ్చి అడిగినా ఇవ్వకు."

"ఏడిస్తే కాఫీ ఇస్తాలే," అన్నాడు.

మూడో రోజుకే మెట్లెక్కి వెళ్లాను. మాట మీద నిలబడ్డాడు, కాఫీయే ఇచ్చాడు.

ఇప్పటికి నాలుగు నెలలు. రోజూ మధ్యాహ్నం ఒట్టి చేతులతో ఆ గదిలో స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. నిన్న హాన్నో లేచింది. నా వైపే వచ్చింది. నా చేతులకేసి ఒకసారి నాలుక చాపి, అక్కడేమీ లేదని తెలుసుకుని, వెనక్కి తిరిగింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా దుంగ ఎక్కి, దీపం కింద నాకు వీపు పెట్టి పడుకుంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

"తెలియకపోతే ఏం," అన్నాను దాని వీపుతో. "నువ్వెవరో నాకు తెలుసుగా."