ఆరింటికి ఇంటికొచ్చే మొగుడు

చెత్త సంచీ పట్టుకుని వీధి మొగలో నిలబడడం కూడా ఒక సుఖమేనని నాకు ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాక తెలిసింది. తైవాన్ దేశంలోని తైనాన్‌లో మా వీధికి చెత్తకుండీ లేదు. సాయంత్రం ఆరున్నరకి బండి పాట పాడుకుంటూ వస్తుంది. అది వచ్చేసరికి అందరం సంచులతో సిద్ధంగా ఉండాలి. పావుగంట ముందు వచ్చేవాళ్ళున్నారు, అరగంట ముందు వచ్చేవాళ్ళూ ఉన్నారు. బండి మీద ప్రేమతో కాదు. ఎండ వాలాక గోడలు మెల్లగా చల్లబడుతుంటాయి. ఎవరింట్లోంచో వెల్లుల్లి వేగుతున్న వాసన వస్తుంటుంది. ముసలాళ్ళు బనీను పైకెత్తుకుని పొట్టకి గాలి తగలనిస్తుంటారు. మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయినా జనం మాట్లాడుకుంటుంటారు. సీసాల సంచీ పట్టుకుని నా మొగుడు తేసొక్ నా పక్కన నిలబడతాడు. తడిచెత్త బకెట్టు నాది. మా ఎనిమిదేళ్ళ దన్బీ ఎవరిదో కుక్కని బతిమాలుతూ ఉంటుంది. ఎవరికీ తొందర లేని ఆ పావుగంట నాకు రోజూ కలలా ఉండేది. ఎవరైనా వచ్చి లేపేస్తారేమోనని కొంచెం భయం కూడా వేసేది.

సియోల్‌లో మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం గానీ ఒకే వేళల్లో ఉండేవాళ్ళం కాదు. తేసొక్ తెల్లారకముందే వెళ్ళి, పై అధికారి తాగించినంత తాగి, మేం పడుకున్నాక వచ్చేవాడు. దన్బీకి రెండేళ్ళప్పుడు, ఓ ఆదివారం పొద్దున్న సోఫాలో పడుకున్న తండ్రిని చూసి "అమ్మా, ఈ అంకుల్ మళ్ళీ వచ్చాడు" అంది. అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ తేసొకే నవ్వాడు. నేను పాఠ్యపుస్తకాలు వేసే ఓ కంపెనీలో అచ్చుతప్పులు దిద్దేదాన్ని. ఆరింటికి బ్యాగు తగిలించుకుంటే మా సెక్షన్ హెడ్ అందరికీ వినబడేలా "దన్బీ అమ్మగారికి టైమైంది. పెద్ద పుస్తకాలు ఆవిడకివ్వకండి, పాపం" అనేవాడు. ఆ ఒక్క 'పాపం'తో నా పదకొండేళ్ళ పని ఒకటో తరగతి వాచకాల్లోకి దిగిపోయింది. తేసొక్‌ని కంపెనీ మూడేళ్ళకి తైనాన్ పంపితే నేను రాజీనామా ఇచ్చాను. "అదృష్టవంతురాలివి, ఇక విశ్రాంతే కదా" అని కేక్ కోశారు.

మా అత్తగారు కొరియాలో ఆందోంగ్ దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. రోజూ ఫోన్ చేస్తుంది. మొదటి మాట "మావాడు అన్నం తిన్నాడా?" రెండో మాట "పిల్ల తిన్నదా?" మూడో మాట ఉండదు. తేసొక్ పెద్ద కొడుకు కాబట్టి నేను పెద్ద కోడలిని. మా వైపు ఆ మాట బరువెంతో మోసినవాళ్ళకే తెలుసు. ఏడాదికి ఆరు తద్దినాలు, రెండు పండగలు. ఒక్కోదానికీ రెండ్రోజులు వంటింట్లో కింద కూర్చుని చేపముక్కలు, గుమ్మడిచెక్కలు గుడ్డులో ముంచి వేయించాలి. చేప తల తూర్పుకుండాలా పడమటికుండాలా అని మగవాళ్ళు హాల్లో గంటసేపు వాదించుకుంటారు. ఆ చేపకి పొలుసు తీసినదాన్ని ఎవరూ అడగరు. తర్వాత వాళ్ళు వరసగా నిలబడి మొక్కుతారు, మేం గిన్నెలు కడుగుతాం. ఆ పెద్దలకి ఇన్నేళ్ళలో నేనొక్కసారీ మొక్కలేదు, నన్నెవరూ పిలవలేదు. ఓ ఏడాది మా చినమామగారు మూతి తుడుచుకుంటూ "ఈసారి ఉప్పు సరిపోయింది. కోడలు దారిలో పడింది" అన్నాడు. అప్పటికి నాకు కడుపు పోయి నెల కాలేదు. ఆ సంగతి అత్తగారికి తెలుసు. అందుకని అందరూ కింద కూర్చుంటే నాకు మాత్రం పీట వేసింది. ఆమె చేతనైన దయ అంతే. ఆమెక్కూడా ఎవరూ అంతకంటే చేసి ఉండరు.

ఇలాంటి నేను తైనాన్ వచ్చిన మొదటి వారంలోనే నవ్వులపాలయ్యాను. ఇక్కడ పొద్దున్నపూట చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలగదు. వీధికో ఫలహారాల కొట్టుంటుంది. మా వీధి చివర కొట్టు షూలియెన్ అక్కది. అట్ల పెనం వెనకాల ఆవిడ, ఆవిడ వెనకాల గిన్నెలు కడుగుతూ ఆవిడ మొగుడు. నేను అటుగా వెళ్తుంటే అట్టు తిప్పుతూనే "తిన్నావా?" అంది. నాకు వచ్చిన నాలుగు చైనా మాటలూ కూడగట్టుకుని "మావారు తిని ఆఫీసుకెళ్ళారు. పాప కూడా తినేసింది" అని ఒప్పజెప్పాను.

"వాళ్ళ సంగతి ఎవరడిగారమ్మా? నిన్నడిగా, నిన్ను" అంది ఆవిడ.

నేను తిన్నానో లేదో నాకు గుర్తురాలేదు. పాప వదిలేసిన అంచులు నోట్లో వేసుకున్నానేమో. నా మొహం చూసి ఆవిడ గుడ్డట్టు ఒకటి చుట్టి చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి అది తింటూ ఏడ్చాను. ఆ పలకరింపు ఇక్కడ 'బాగున్నావా' లాంటిదనీ, జవాబు కోసం ఎవరూ ఆగరనీ నెల తర్వాత తెలిసింది. ఊరికే అడిగిన కుశలప్రశ్నకి కూర్చుని ఏడ్చినదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఈ ఊరి ఆఫీసులో ఐదున్నరకి లైట్లు తీసేస్తారు. మొదటి నెల ఆరింటికే ఇల్లు చేరిన తేసొక్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. వంటింటి గుమ్మంలో చుట్టంలా నిలబడి "గిన్నెలెక్కడుంటాయి?" అనేవాడు. తర్వాత బియ్యం కడగడం నేర్చుకున్నాడు. నీళ్ళు తెల్లగా వస్తున్నాయని భయపడి ఏడుసార్లు కడిగాడు. దన్బీకి జడ వెయ్యడం నేర్చుకున్నాడు. అది ఎప్పుడూ ఎడమవైపుకే పోయేది, దన్బీ అలాగే బడికెళ్ళేది. ఆదివారం మధ్యాహ్నాలు ఉన్నట్టుండి పెద్ద వాన పడేది. కిటికీలు తెరిచే ఉంచి ముగ్గురం చాప మీద పడుకుని, పుల్లటి పొడి అద్దిన జామముక్కలు తింటూ, ఇంటి ముందు స్కూటర్ల మీద చినుకుల చప్పుడు వింటూ ఉండేవాళ్ళం. ఎప్పుడు నిద్రపట్టేదో, ఎవరు ముందు లేచేవారో తెలిసేది కాదు. ఓసారి అతను కళ్ళు మూసుకునే "ఇలా కూడా బతకొచ్చని మనకెవరూ చెప్పలేదే" అన్నాడు.

పెళ్ళైన పన్నెండేళ్ళకి మొగుడి మీద మనసు పడ్డానని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, పడ్డాను. అతను చెడ్డవాడని నేనెప్పుడూ అనుకోలేదు. ఎప్పుడూ ఇంట్లో లేనివాడు, అంతే. ఇక్కడ ఉన్నాడు. అప్పటినించే నాకు భయం పట్టుకుంది. సియోల్ వెళ్తే ఇల్లుంటుంది, అతనికి ఉద్యోగం ఉంటుంది, ఈ మనిషి మాత్రం ఉండడు. విమానం దిగి ఫోన్ ఆన్ చెయ్యగానే మళ్ళీ పెద్ద కొడుకూ, ఎవరికో కింది అధికారీ అయిపోతాడు.

మూడో ఏడు జూన్‌లో అత్తగారు ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాం. అత్తగారు వింటుంటే నేను తేసొక్‌ని మీరు అంటాను, మామూలప్పుడు నువ్వంటాను.

"ఏమ్మా, ఇంకా బయటి అట్లేనా పొద్దున్న? పొయ్యికి బూజు పట్టలేదూ?"

"లేదత్తయ్యా. రాత్రి వండుతున్నాం."

"వండుతున్నాం ఏంటి? వాడు కూడానా?" అంది. "సర్లే, ఎన్నాళ్ళు. నా మోకాళ్ళు అయిపోయాయి. వచ్చే పంటల పండక్కి తద్దినాల పళ్ళేలన్నీ నీకప్పజెప్పేస్తా. ఇకనించి తద్దినాలు మీ ఇంట్లోనే. తిరిగింది చాలు, వచ్చెయ్యండి."

నేను నోరు తెరిచేలోపే తేసొక్ "అలాగేనమ్మా" అన్నాడు. రెండేళ్ళ పైనుంచి నేను వినని గొంతు అది.

ఆ సాయంత్రం వీధి మొగలో సంచులు పట్టుకుని నిలబడ్డాక అడిగాను. "కంపెనీవాళ్ళు ఇంకో మూడేళ్ళు పొడిగిస్తారన్నావుగా. అడగలేదా వాళ్ళు?"

"అడిగారు. ఏప్రిల్లో."

"ఏమన్నావు?"

"వద్దన్నా."

కుక్కతో ఆడుతున్న దన్బీ మా వంక చూసింది. నేను గొంతు తగ్గించాను. "నాతో ఒక్కమాట అనలేదేం?"

తేసొక్ సీసాల సంచీ ఈ చేతినించి ఆ చేతికి మార్చుకున్నాడు. "ఉందామంటావని తెలుసు దన్బీ అమ్మా. అందుకే అడగలేదు."

అబద్ధం చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. అతను నిజం చెప్పాడు. నాకు ఇష్టముందని తెలియక అడగకపోవడం వేరు, తెలిసి అడగకపోవడం వేరు. నా ఇష్టమేంటో అంత బాగా తెలిసినవాడు దాన్ని పక్కన పెట్టేసి, రెండు నెలలుగా నా పక్కనే జామకాయలు తింటున్నాడు. బండి పాట పాడుకుంటూ వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. అందరూ ఇళ్ళకి పోయాక చూసుకుంటే మా సంచులు మా చేతుల్లోనే ఉన్నాయి. ఎవరి చెత్త వాళ్ళం మోసుకుంటూ ఇంటికొచ్చాం.

నేనేమీ అనలేదు. అననందుకు అతను తేలికపడ్డాడు. పెట్టెల కొలతలు తీశాడు, సియోల్‌లో దన్బీ బడికి ఫోన్ చేశాడు. ఆడది ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని వీళ్ళకి ఎవరు నేర్పుతారో. నేను ఆలోచించుకుంటున్నాను. ఇస్త్రీ చేస్తూ, వాన చూస్తూ, దన్బీ జడ విప్పుతూ, వారం రోజులు అదే పని. నాకు కావలసింది విశ్రాంతి కాదని నెమ్మదిగా తెలిసింది. ఈ మూడేళ్ళూ నేను అతని కంపెనీ దయవల్ల సుఖంగా ఉన్నాను. వాళ్ళు పంపితే సుఖం, వాళ్ళు పిలిస్తే వంటిల్లు. నా బతుకు ఎంత వేగంగా నడవాలో చెప్పే మీట ఎప్పుడూ ఎవరి చేతిలోనో ఉంది.

మా వెనక వీధిలో భాషలు నేర్పే బడి ఒకటుంది. నడిపేది ఊ మేడమ్. నిరుడు నన్ను కొరియన్ పాఠాలు చెప్పమని అడిగితే "మావారిని అడిగి చెప్తాను" అన్నాను. "పాఠాలు చెప్పేది మీరా, ఆయనా?" అందావిడ. నవ్వేసి వచ్చేశాను. ఈసారి నేనే వెళ్ళాను.

"ఆయన్నడిగారా?" అంది అద్దాల పైనించి చూస్తూ.

"లేదు. నన్నే అడుక్కున్నాను. చెయ్యాలనుంది."

ఆవిడ నా డిగ్రీ కాగితాలు, ఫొటోలు పట్రమ్మంది. పదిహేను రోజుల్లో పని అనుమతి వచ్చింది. తేసొక్ ఆఫీసుకెళ్ళాక ఆఫీసుల చుట్టూ తిరిగాను. వరసల్లో నిలబడ్డాను. తప్పుగా నింపి, మళ్ళీ నింపాను. పదకొండేళ్ళు ఊరందరి తప్పులూ దిద్దినదాన్ని, నా సొంత పుట్టినతేదీ తప్పు రాశాను.

తర్వాత దన్బీని అడిగాను. మా ఇంట్లో అడగడమనేది ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా.

"ఇక్కడే ఉందామంటే ఉంటావా?"

"నాన్న కూడా ఉంటాడా?"

"తెలీదు. అడుగుదాం."

"నువ్వడుగు. నేనడిగితే నవ్వుతాడు" అంది.

ఆదివారం మధ్యాహ్నం వాన ఇంకా మొదలవలేదు. దన్బీ పక్కింటికెళ్ళింది. బల్ల మీద తేసొక్ సామాను జాబితా రాసుకుంటున్నాడు. అతని ఎదురుగా కూర్చుని రెండు కాగితాలు పెట్టాను.

"ఏంటివి?"

"నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరునించి పాఠాలు. నేనుంటున్నాను. ఉద్యోగం ఉన్నవాళ్ళ ఇంటివాళ్ళు కూడా ఉండొచ్చట. ఇది దన్బీ దరఖాస్తు, నింపేశాను. చదివి నువ్వూ సంతకం పెట్టాలి, నువ్వు దాని తండ్రివి. ఇది నీది. నింపలేదు."

అతను నింపని కాగితం తన వైపు తిప్పుకున్నాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. దారి తప్పినవాడి మొహం పెట్టాడు.

"పళ్ళేలు అప్పజెప్తానంటోంది అమ్మ."

"విన్నాను. నాకొద్దని నేనే చెప్తాను. ఆవిడకి కోపం వస్తుంది. రానీ."

"మరి నా ఉద్యోగం?"

"కంపెనీని మళ్ళీ అడుగుతావా, ఇక్కడే ఇంకోటి వెతుక్కుంటావా, అక్కడికే వెళ్తావా, అది నువ్వు తేల్చుకో. వెళ్తే పండక్కి నేనూ దన్బీ నిన్ను చూడ్డానికి వస్తాం. చుట్టాల్లా వస్తాం, వంటింట్లోకి కాదు."

"నేను లేకుండా ఉండగలవా?"

"ఉండగలను. ఉండాలని లేదు" అన్నాను.

తేసొక్ పెన్ను తీసుకున్నాడు. తన పేరు రాశాడు. పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు రాశాడు. ఎవరి మీద ఆధారపడి ఉంటున్నారు అన్నచోట ఆగి, కాసేపటికి తలెత్తకుండానే అక్షరం అక్షరం నా పేరు రాశాడు. దాని కింద గడి దగ్గర మళ్ళీ ఆగాడు.

"సంబంధం అనుంది. ఏం రాయాలిక్కడ?"

"భర్త అని రాయాలి" అన్నాను. "ఉండదలుచుకుంటేనే."