ఆపకూడని గడియారం

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఆ దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. మా పై అంతస్తులో ఉండిన మార్సెలాన్ ద్రో సంగతి చెబుతాను. పేరు మోసినవాడేం కాదు. గడియారాల ఫ్యాక్టరీలుండే మా లోక్ల్ అనే ఊళ్ళో ఏ తలుపు తట్టినా అలాంటివాడొకడు కనిపిస్తాడు. అయినా విను.

ఆ శనివారం పొద్దున మార్సెలాన్ పొడవాటి కిటికీ కింద బల్ల మీదికి వంగి ఫోటోలు తీస్తున్నాడు. ఆకుపచ్చ ఉన్నిగుడ్డ మీద ఆడవాళ్ళు పెట్టుకునే చిన్న గడియారం. బయట నవంబరు పొగమంచు. అది కాస్త పక్కకి తప్పుకుంటే ఒక ఫోటో, మళ్ళీ కమ్ముకుంటే చేతులు కట్టుకుని ఎదురుచూపు. అతనివి పెద్ద చేతులు, కానీ వేళ్ళ చివర్లు అరిగి నున్నగా మెరిసేవి. ఊరి ఫ్యాక్టరీలో బతుకంతా అతను చేసింది ఒక్కటే: గడియారాలకి కీ ఇచ్చే బొడిపెలు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా బొడిపెలే. గడియారం పూర్తిగా తయారై కదలడం పనిలో ఉండగా ఎన్నడూ చూసి ఎరగడు. అందుకేనేమో, సంతల్లో ఆగిపోయిన పాత గడియారాలు కొని, విప్పి, కడిగి, నూనె చుక్కలు పెట్టి నడిపించేవాడు. తర్వాత ఇంటర్నెట్‌లో అమ్మేవాడు. సంపాదనకి కాదులే, సరదా. పెట్టెలో పడి ఉన్న గడియారం నూనె ఎండి చచ్చిపోతుందనీ, ఏదో ఒక చేతికి చేరాలనీ అతని ఆరాటం.

వేసవిలో డాక్టరు గుండె సంగతి చెప్పాక ఒక్కొక్కటే పంపించేశాడు. మిగిలింది ఇదొక్కటి, వాళ్ళమ్మది. ఆవిడ ఈ కిటికీ కిందే కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని, ఫ్యాక్టరీవాళ్ళు ఇంటికి పంపే వెంట్రుకంత స్ప్రింగులు సరిచేసేది. ఈ గడియారం లోపలి స్ప్రింగు కూడా ఆవిడ చేతిదే. తను పోయేలోగా దీన్ని ఎవరి చేతికైనా అప్పగించాలి. అంతకు మించి అతను ఏమీ కోరుకోలేదు. పోస్టులో పంపేందుకు అట్టపెట్టె కూడా సిద్ధం చేసి, లోపల దూది పరిచి, గడియారాన్ని పెట్టి అదిమి, సరిగ్గా దాని కొలతకి గుంట చేసి ఉంచాడు.

కొనేవాళ్ళు మాత్రం వారం నుంచీ ప్రాణం తోడేస్తున్నారు. రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి పోతుందని అతనే ప్రకటనలో మొదటి వాక్యంగా రాశాడు. సగంమంది అక్కడే పారిపోయారు. ఒకావిడ, "ఇది నా గుండె చప్పుడు లెక్కపెడుతుందా అండీ?" అని అడిగింది. "దాని చప్పుడు మీరే వినాలమ్మా" అని రాస్తే మళ్ళీ జవాబు లేదు.

ఆ పొద్దున లియోన్ నుంచి ఒకాయన రాశాడు: "మొదటి ఫోటోలో తొమ్మిదిన్నర. రెండోదాంట్లో పది దాటింది. మూడోదాంట్లో పదకొండు కావస్తోంది. ఇవి మూడు వేరువేరు గడియారాలా? నన్ను వెర్రివాణ్ణి చేద్దామనుకుంటున్నారా?"

"ఒకటే గడియారం. నడుస్తోంది కాబట్టి ముళ్ళు కదిలాయి."

"అమ్మేవాళ్ళందరూ ముళ్ళని పదీ పది దగ్గర ఆపి ఫోటో తీస్తారు. మీరూ బొడిపె లాగి, ఆపి తీసి పంపండి. అప్పుడు కొంటాను."

మార్సెలాన్ ఫోనుని బల్ల మీద బోర్లా పడేశాడు.

మా పాత ఇళ్ళల్లో నడిచే గడియారాన్ని చేత్తో ఆపేది ఒక్కప్పుడే తల్లీ, ఇంట్లో ప్రాణం పోయినప్పుడు. గోడ గడియారం అద్దం తెరిచి, లోలకం పట్టుకుని, అది ఆగేదాకా అలాగే నిలబడతాం. చిన్నప్పుడు మార్సెలాన్ ఆడుకుంటూ ఈ బొడిపె లాగబోతే వాళ్ళమ్మ చేతి మీద ఒక్కటి వేసి, "ఎవరూ పోకుండానే ఆపుతావురా?" అంది. అప్పటినుంచీ, ముళ్ళు ఎంత ముందుకి పరిగెత్తినా, కీ అయిపోయి దానంతటది ఆగాకే అతను టైము సరిచేసేవాడు.

మధ్యాహ్నం అక్క రోజిన్ వచ్చింది, పళ్ళెంలో సాసేజీ, ఉడికించిన బంగాళదుంపలు పట్టుకుని.

"ఏరా, ఇంకా ఆ చెత్తతోనే కుస్తీ పడుతున్నావా? రా, చల్లారిపోతుంది."

"అక్కా, ఆపి ఫోటో తియ్యమంటున్నాడు."

"అయితే ఆపు! బొడిపె లాగడానికి పాస్టరుగారిని పిలిపించాలా?"

"అమ్మ ఏమనేదో మర్చిపోయావా?"

"అమ్మ కళ్ళు తిన్నవి ఆ స్ప్రింగులేరా. నా పెళ్ళిరోజున నా మొహం చేతులతో తడిమి చూసింది, తెల్ల గౌను వేసుకున్నావా అని అడిగింది. అది నేను మర్చిపోలేదు."

"అందుకే నువ్వే పెట్టుకోమన్నాను. నీ చేతికుంటే..."

"నాకొద్దని ఎన్నిసార్లు చెప్పను? టైము కావాలంటే ఫోన్లో చూసుకుంటాను. సాయంత్రం వచ్చి పళ్ళెం తీసుకెళ్తా. కడిగి పెట్టు. రొట్టెముక్కతో తుడిస్తే కడిగినట్టు కాదు, చెబుతున్నా."

ఆవిడ మెట్లు దిగుతూ గొణుక్కోవడం నాకు వినిపించింది.

తిన్నాక అతను మళ్ళీ కిటికీ దగ్గర కూర్చున్నాడు. వెలుతురు తగ్గిపోతోంది. బొడిపె కింద బొటనవేలి గోరు దూర్చాడు. బతుకంతా తను చేసినవాటిలాంటిదే, గోధుమగింజంత. ఒక్క లాగు లాగితే చాలు, లియోన్‌లో ఎవరి చేతికో చేరిపోతుంది. గోరు అక్కడే ఆగింది. గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. తిట్టుకున్నాడు, లియోన్ మనిషినీ, పొగమంచునీ, అక్కనీ, తననీ. గోరు వెనక్కి తీశాడు. ఫోను తిరగేసి రాశాడు: "ఆపలేను. మా ఇంట్లో ఎవరూ పోలేదు." గడియారాన్ని ఉన్నిగుడ్డ మీద పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు.

చీకటి పడే వేళకి రోజిన్ వచ్చింది. పళ్ళెం శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. అది చూసే ఆవిడకి ఏదో తోచిందట. "మార్సెలా" అని రెండుసార్లు పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. ఏడవలేదు. గోడ గడియారం దగ్గరికి వెళ్ళి అద్దం తెరిచి, లోలకం పట్టుకుని నిలబడింది.

గది అంతా నిశ్శబ్దమైంది. అప్పుడు వినిపించింది ఆవిడకి, ఉన్నిగుడ్డ మీద చిన్న టిక్ టిక్. దాన్నీ ఆపాలిగా మరి. తీసుకుని బొడిపె కింద గోరు పెట్టింది.

అంతలో ఫోను వెలిగింది. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. లియోన్ ఆయన: "అలాగా అయ్యా. అయితే ఆపకండి. ఉన్నదున్నట్టే తీసుకుంటాను, పంపండి." దాని పైన తమ్ముడు రాసిందీ చదివింది. మళ్ళీ చదివింది. దీపం వెయ్యకుండా చాలాసేపు అతని పక్కనే కూర్చుంది. తర్వాత ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ జవాబు కొట్టింది: "అమ్ముడుపోయింది."

నన్ను పిలవడానికి మెట్లు దిగి వచ్చినప్పుడు ఆ గడియారం ఆవిడ చేతికుంది. పట్టీ చివరి రంధ్రం దాకా లాగి పెట్టుకుంది. కీ ఇస్తూనే ఉంది, మాట్లాడుతూ కూడా.

రేపు నువ్వు ఎవరికైనా ఈ సంగతి చెప్పేటప్పుడు మార్సెలాన్ ద్రో అని పేరు పెట్టి చెప్పు తల్లీ, మర్చిపోకు. నేను పైకి వెళ్ళేసరికి బల్ల మీద ఏముందో అదీ చెప్పు: మూత తెరిచిన అట్టపెట్టె, అందులో దూది, దూది మధ్యలో చిన్న గడియారమంత గుంట.