కళ్ళు దిద్దని దాసి

మట్టిబొమ్మకు కళ్ళు దిద్ది చీకట్లోకి పంపడం పుణ్యమా, పాపమా? ఇరవై రెండేళ్ళుగా ఫాన్ యిన్‌ను ఈ సందేహం వదల్లేదు. ఈ ఉదయం కూడా అమితాభ బుద్ధుణ్ణి ఒకసారి తలచుకుని, శవంతో పాటు సమాధిలో పెట్టే గుర్రపు కాపరి బొమ్మ ఎడమకంట నల్లచుక్క పెట్టాడు.

మెడ దాకా బొమ్మ మీద తేనెరంగు, పచ్చరంగు పూత నిగనిగలాడుతోంది. మెడ పైన ఉత్త తెల్లమట్టి. బొమ్మలు కాల్చే ఆవంలో పూత కరిగి కిందికి జారుతుంది. ముఖానికి పూస్తే కళ్ళూ ముక్కూ కలిసిపోతాయి. అందుకే ఒళ్ళు తోటి పనివాడు కుయ్ చేతిది, కాల్చాక ముఖం దిద్దడం ఫాన్ వంతు. లువో నది ఒడ్డున ఒకే చూరు కింద ఇద్దరూ ముప్ఫై ఏళ్ళుగా ఎదురెదురుగా కూర్చుంటున్నారు. ఫాన్‌కు అరవై. వంగి వంగి మెడ ముందుకు సాగింది. బొమ్మల గడ్డాలకు ఆనించీ ఆనించీ కుడిచేతి చిటికెన వేలు వంకర పోయింది. ఊళ్ళో అతని గురించి చెప్పుకోవడానికి అంతకుమించి ఏమీ లేదు.

"ఒరే ఫాన్, వీడి మొహం మన యజమాని మొహంలా లేదూ?" అన్నాడు కుయ్, మోచేతుల దాకా పచ్చ పూతతో.

"ఉంటే ఉండనీ అన్నా."

"బాగుందిరా! చచ్చి గోతిలో పడుకున్నవాడికి కూడా ఆయన తిట్లేనా?"

నవ్వు దగ్గులోకి దిగింది. చలికాలం నుంచీ ఆ దగ్గు అలాగే ఉంది. ఊపిరి అందాక కుయ్ మామూలుగా అన్నాడు:

"ఒడ్డు విరిగిపడుతోందిరా. నది తీసుకుపోకముందే మొన్న మా పిల్లను గోతిలోంచి పైకి తీశాను. ఎముకలు కుండలో పెట్టి ఇంట్లో ఉంచాం. ఎల్లుండి మంచిరోజట, గుట్ట మీద పెడతాం."

ఫాన్ కుంచె ఆగింది. పిల్లతో పాటు పాతిన బొమ్మ సంగతి అడగబోయాడు. అడగకుండానే మళ్ళీ కుంచె రంగులో ముంచాడు.

ఇరవై రెండేళ్ళ కిందట కుయ్ కూతురు ఆరేళ్ళకే జ్వరంతో పోయింది. పేదల గోతుల్లో ఇలాంటి బొమ్మలెక్కడివి? అయినా కుయ్ మిగిలిన మట్టితో జానెడు దాసిని చేసి, చట్టి అడుగున ఉన్న పూత పూసి, కాల్చి తెచ్చాడు. "ముఖం దిద్దిపెట్టరా. దానికి చీకటంటే భయం. తోడుండేదానికి కళ్ళుండాలి కదా" అన్నాడు. ఆ రోజు ఒక అధికారి శవయాత్రకు నలభై బొమ్మలు పోవాలి. "రేపు దిద్దుతా అన్నా" అన్నాడు ఫాన్. మంచి ఘడియ ఉందని తెల్లవారకముందే పిల్లను తీసుకెళ్ళిపోయారు. దాసి ఉత్త ముఖంతోనే వెంట వెళ్ళింది.

కుయ్ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. కళ్ళుంటే ఆ దాసి చీకటి చూడాల్సి వచ్చేది, లేకపోవడమే మేలని ఫాన్ తనకు తానే చెప్పుకుంటూ వచ్చాడు. గుడిలో దీపం పెట్టినప్పుడల్లా అదే మాట. ఒక్కసారీ నమ్మకం కుదరలేదు.

మధ్యాహ్నం కొర్రగంజి తాగుతూ 'ఆ దాసిని తెచ్చివ్వు అన్నా' అనే మాట నోటి దాకా తెచ్చుకున్నాడు. ఇంతలో ఒంటె బొమ్మ కాలు విరిగిందని యజమాని అరుస్తూ వచ్చాడు. సాయంత్రం అడగొచ్చులే అనుకున్నాడు ఫాన్.

కుయ్ రోజూలాగే ఆవం గోడ వెచ్చదనానికి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పనివేళ అయిందని పిలిస్తే లేవలేదు; ఊపిరి ఆగిపోయింది. వేళ్ళ మీద ఆరిన పూత సన్నగా బీటలు వారి ఉంది.

పొద్దు వాలకముందే ఫాన్ రంగుల పెట్టెతో కుయ్ ఇంటికి వెళ్ళి గడప దగ్గర నిలబడ్డాడు. లోపల కుయ్ భార్య తడిగుడ్డతో భర్త వేళ్ళు తుడుస్తోంది. గోళ్ళ సందుల్లో పచ్చరంగు పోవడం లేదు.

"వదినా... ఆ బొమ్మ..."

"కుండ పక్కనే ఉంది, తీసుకో." ఆమె తల ఎత్తలేదు. "తీసినరోజే నిన్ను అడగమన్నాను మరిదీ. 'వాడికి గుర్తుంటే వాడే అంటాడు. అడిగి సిగ్గుపెట్టడం ఎందుకే' అన్నాడు."

ఫాన్ బొమ్మను తెచ్చుకుని గడప మీద కూర్చున్నాడు. దాసి ఒంటి మీద పూత నిన్ననే ఆవంలోంచి తీసినట్టు మెరుస్తోంది. ముఖం మీద మాత్రం మట్టిలో చెట్ల వేళ్ళు పాకిన గోధుమ గీతలు. తడిగుడ్డతో తుడిచి, తెలుపు పూసి, కనుబొమలు గీశాడు. పెద్దింటి దాసీలకు చూపు నేలకు దించాలి. ఈ దాసికి దించలేదు. రెండు కళ్ళూ పెద్దవిగా, సూటిగా దిద్దాడు. చివరికి పెదవులు.

"అయిందా?"

"అయింది వదినా."

"చూసుంటే సంతోషించేవాడు."

"ఆలస్యం చేశాను."

ఆమె గుడ్డ పిండి మళ్ళీ ఆ వేళ్ళే తుడవసాగింది. ఫాన్ దాసిని ఉన్నచోటే పెట్టి, పెట్టె మూసుకుని వీధిలోకి నడిచాడు. గడప లోపల, చిన్న కుండ పక్కన, దాసి నిలబడి ఉంది; పెదవుల ఎరుపు ఇంకా ఆరలేదు.